ఆర్‌లో కర్వ్ గీస్తుంటే "కండిషన్ హ్యాజ్ లెంగ్త్ > 1" అంటోంది: సాగర్ స్పిల్‌వే విడుదల ఫంక్షన్

సాగర్_కట్ట (నల్లగొండ)

నాగార్జునసాగర్ స్పిల్‌వే మీదికెల్లి ఏ మట్టం కాడ ఎన్ని క్యూసెక్కులు కిందికి పోతయో ఆర్‌లో (లెక్కలకు, గ్రాఫ్‌లకు వాడే ప్రోగ్రామింగ్ భాష) గ్రాఫ్ గీయాలె. క్రెస్ట్ (స్పిల్‌వే పైఅంచు) 546 అడుగులు, నిండు మట్టం 590. గేట్లు 26, ఒక్కోటి 45 అడుగుల వెడల్పు, అంటే మొత్తం 1170 అడుగులు. గేట్లన్నీ పూర్తిగా లేపినట్టు అనుకొని మామూలు వియర్ సూత్రమే (నీళ్లు అంచు మీదికెల్లి పొర్లే లెక్క) పెట్టిన. గుణకం 3.6 లెక్క కోసం నేను వేసుకున్నది, ప్రాజెక్టు రికార్డులది కాదు.

విడుదల <- ఫంక్షన్(మట్టం) {
  ఇఫ్ (మట్టం <= 546) 0 ఎల్స్ 3.6 * 1170 * (మట్టం - 546)^1.5
}
కర్వ్(విడుదల, 530, 590)

(ఇక్కడ చదవనీకి వీలుగా ఉంటదని కోడ్ తెలుగులో రాసిన. నా ఫైల్‌లో అంతా ఇంగ్లీషు అక్షరాలే.)

విడుదల(530) అంటే 0 ఇస్తుంది, విడుదల(560) అంటే దాదాపు 220638 ఇస్తుంది. చేత్తో లెక్కేసినా అంతే వస్తుంది. కర్వ్‌కు ఇస్తే మాత్రం:

ఎర్రర్ ఇన్ ఇఫ్ (మట్టం <= 546) 0 ఎల్స్ ... : ది కండిషన్ హ్యాజ్ లెంగ్త్ > 1

ఇంకో కంప్యూటర్‌ల ఆర్ 3.6 ఉంది. దాంట్ల ఇదే ఫైల్ నడిపితే ఎర్రర్ వేరే వస్తుంది: 'ఎక్స్‌ప్ర్' డిడ్ నాట్ ఎవాల్యుయేట్ టు యాన్ ఆబ్జెక్ట్ ఆఫ్ లెంగ్త్ 'ఎన్'. అందులోనే 530 తీసి 550 పెడితే బొమ్మ మంచిగ వస్తుంది, కింద వార్నింగ్ ఒకటి పడుతుంది. ఫంక్షన్ తప్పా, వెర్షన్ తప్పా సమజ్ అయితలేదు.

---

పాలమూరు_పట్టిక

వెర్షన్‌ది తప్పు కాదు తమ్మీ, ఫంక్షన్‌దే. కొత్త ఆర్ ఆ తప్పును మొహం మీద చెప్తది, పాతది దాచిపెట్టేది. అంతే తేడా.

కర్వ్ నీ ఫంక్షన్‌ను 101 సార్లు పిలుస్తదని నువ్వు అనుకుంటున్నవు. పిలిచేది ఒక్కసారే. 530 నుంచి 590 దాకా 0.6 అడుగుల ఎడంతో 101 మట్టాలు తయారుచేసి, మొత్తం మూటగట్టి ఒకేసారి నీ ఫంక్షన్ చేతిల పెడతది. తిరిగి 101 జవాబులు రావాలని చూస్తది. ఆ 101 అనేది ఎన్ అనే ఆర్గ్యుమెంట్‌కు ముందే పెట్టి ఉన్న విలువ. నమ్మకం లేకుంటే ఫంక్షన్‌ల మొదటి లైన్‌గా క్యాట్(లెంగ్త్(మట్టం)) అని పెట్టి నడుపు. ఎర్రర్ రాకముందే 101 అని పడతది, అదీ ఒక్కసారే.

ఇఫ్‌కు ఒక్క ట్రూ గానీ ఒక్క ఫాల్స్ గానీ కావాలె. నువ్విచ్చింది 101 ట్రూ-ఫాల్స్‌ల వరుస. 2022 ఏప్రిల్‌ల వచ్చిన ఆర్ 4.2.0 నుంచి ఇది ఎర్రర్. అంతకుముందు మొదటి దాన్నే చూసి, మిగతా 100 పక్కన పడేసి, "ఓన్లీ ది ఫస్ట్ ఎలిమెంట్ విల్ బి యూజ్డ్" అని వార్నింగ్ ఇచ్చి ముందుకు పోయేది.

ఇప్పుడు పాత కంప్యూటర్ సంగతి. 530 నుంచి మొదలుపెడితే మొదటి మట్టం 530. అది 546 కంటే తక్కువ, కాబట్టి ఇఫ్ కొమ్మల పోయి ఒక్క సున్నా ఇచ్చింది. కర్వ్ 101 అడిగితే వచ్చింది ఒకటి, అందుకే 'ఎన్' ఎర్రర్. 550 నుంచి మొదలుపెడితే మొదటిది 550. అది ఎల్స్‌ల పోయింది, అక్కడి సూత్రం 101 మట్టాలకూ పనిచేసింది. అన్నీ 546 పైనవే గనక బొమ్మ కూడా కరెక్టే. అది కలిసొచ్చింది గానీ కోడ్ మంచిదై కాదు. నువ్వు 0 బదులు 0 * మట్టం అని రాసి ఉంటే, 530 నుంచి గీసినా ఆ పాత ఆర్ ఎర్రర్ ఇయ్యకపోవు. 590 దాకా సున్నా మీద అడ్డగీత గీసి చేతుల పెట్టేది.

నీ లెక్కకైతే ఇఫ్ అవసరమే లేదు:

విడుదల <- ఫంక్షన్(మట్టం) 3.6 * 1170 * పీమ్యాక్స్(మట్టం - 546, 0)^1.5

పీమ్యాక్స్ ఒక్కో మట్టాన్నీ సున్నాతో విడివిడిగ పోల్చి ఏది పెద్దదైతే అది తీసుకుంటది. 101 ఇస్తే 101 వస్తయి. మ్యాక్స్ అని మాత్రం రాయకు. అది అన్నిట్లకెల్లి పెద్దది ఒక్కటే, అంటే 44, ఇస్తది. మళ్ల 'ఎన్' ఎర్రర్ దగ్గరికే వస్తవు.

---

మిర్యాలగూడ_వెక్టర్

పై జవాబు సరిగ్గా ఉంది. ఇఫ్‌ఎల్స్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ మొదట దాన్నే పట్టుకుంటారు.

విడుదల <- ఫంక్షన్(మట్టం) ఇఫ్‌ఎల్స్(మట్టం <= 546, 0, 3.6 * 1170 * (మట్టం - 546)^1.5)

ఇది పనిచేస్తుంది. కానీ ఇఫ్‌ఎల్స్ రెండు వైపులా మొత్తం 101 మట్టాలకూ లెక్కగట్టి, తర్వాత ఏరుకుంటుంది. 530 దగ్గర (-16)^1.5 కూడా లెక్కిస్తుంది. అక్కడ వచ్చేది ఎన్ఏఎన్ (అంకె కానిది). దాన్ని పక్కన పెట్టి సున్నా తీసుకుంటుంది కాబట్టి బొమ్మకు నష్టం లేదు. ఋణసంఖ్యకు భిన్న ఘాతం వేస్తే ఆర్ వార్నింగ్ కూడా ఇవ్వదు. అదే ^1.5 బదులు ఎస్‌క్యూఆర్‌టీ (వర్గమూలం) రాస్తే "ఎన్ఏఎన్స్ ప్రొడ్యూస్డ్" అని వార్నింగ్ పడుతుంది. బొమ్మ సరిగ్గానే ఉంటుంది, వార్నింగ్ చూసి మనిషి కంగారుపడతాడు.

కండిషన్ రెండు ముక్కలుగా ఉంటే ఆంపర్‌సాండ్ ఒకటే వాడండి: (మట్టం > 546 & మట్టం <= 551). రెండు ఆంపర్‌సాండ్‌లు ఇఫ్ కోసం పుట్టినవి, ఒక్క విలువనే చూస్తాయి. 2023లో వచ్చిన 4.3.0 నుంచి అవి కూడా "'లెంగ్త్ = 101' ఇన్ కొయెర్షన్ టు 'లాజికల్(1)'" అని ఆపేస్తున్నాయి. 4.1 దాకా చప్పుడు లేకుండా మొదటిదే తీసుకునేవి.

ఏ ఫంక్షన్ రాసినా కర్వ్‌కు ఇచ్చేముందు ఈ ఒక్క లైన్ నడపండి:

విడుదల(సి(530, 560, 590))

మూడు అంకెలు రావాలి: 0, సుమారు 220638, సుమారు 1229327. విడివిడిగా అడిగినప్పుడు వచ్చేవి కూడా ఇవే కావాలి. ఒకటే వచ్చినా, ఎర్రర్ వచ్చినా కర్వ్ దగ్గరికి పోవడం దండగ.

జీజీప్లాట్‌లో (ఆర్‌లో గ్రాఫ్‌లు గీసే ఇంకో ప్యాకేజీ) జియోమ్ ఫంక్షన్‌తో గీసేవాళ్లకూ ఇదే కథ, అక్కడా ఎన్ 101 నుంచే మొదలు. కాకపోతే అది ఎర్రర్‌ను వార్నింగ్‌గా మార్చి ఖాళీ గళ్లు చూపిస్తుంది. గీత ఎందుకు లేదో వెతుక్కోవాల్సి వస్తుంది.

---

డిండి_వాగు

సార్లు చెప్పిన కోడ్ కరెక్టే, సూత్రం గురించి ఒక మాట. సాగర్ గేట్లు ఎప్పుడో గానీ పూర్తిగా లేపరు. "26 గేట్లు 5 అడుగుల మేర ఎత్తారు" అనే కదా పేపర్లలో చదివేది. అప్పుడు నీళ్లు గేటు అంచు కిందికెల్లి పోతయి. అది వియర్ కాదు, ఆరిఫిస్ (రంధ్రంలకెల్లి పారినట్టు). ఎత్తుకు 1.5 ఘాతం కాదు, వర్గమూలం వస్తది:

గుణకం × 45 × తెరుపు × గేట్లు × ఎస్‌క్యూఆర్‌టీ(2 × 32.2 × (మట్టం - 546 - తెరుపు / 2))

నీళ్లు గేటు అంచును తాకనంత సేపు వియర్, తాకినంక ఆరిఫిస్. అంటే మూడు ముక్కలు: 546 కింద సున్నా, 546 నుంచి 546 + తెరుపు దాకా వియర్, ఆపైన ఆరిఫిస్. ఇఫ్‌ఎల్స్ లోపల ఇఫ్‌ఎల్స్ పెట్టి రాస్తే బ్రాకెట్లు లెక్కపెట్టుకుంట కూసోవాలె. ఇట్ల రాయుండ్రి:

విడుదల2 <- ఫంక్షన్(మట్టం, తెరుపు = 5, గేట్లు = 26) {
  ఎత్తు <- మట్టం - 546
  జవాబు <- న్యూమెరిక్(లెంగ్త్(మట్టం))
  వి <- ఎత్తు > 0 & ఎత్తు <= తెరుపు
  ఆ <- ఎత్తు > తెరుపు
  జవాబు[వి] <- 3.6 * 45 * గేట్లు * ఎత్తు[వి]^1.5
  జవాబు[ఆ] <- 0.7 * 45 * తెరుపు * గేట్లు * ఎస్‌క్యూఆర్‌టీ(64.4 * (ఎత్తు[ఆ] - తెరుపు / 2))
  జవాబు
}

న్యూమెరిక్ ముందే మట్టాలు ఎన్ని ఉంటే అన్ని సున్నాలు పెడుతుంది. ఆ తర్వాత ఏ సూత్రం ఎక్కడ వర్తిస్తదో ఆ చోట్లనే నింపుతున్నం. సున్నా కింది సంఖ్యకు వర్గమూలం అడిగే పనే రాదు, వార్నింగ్ కూడా రాదు. కుడి పక్కన ఎత్తు[వి], ఎత్తు[ఆ] అని రాయడం మర్చిపోతే "నంబర్ ఆఫ్ ఐటమ్స్ టు రిప్లేస్ ఈజ్ నాట్ ఎ మల్టిపుల్ ఆఫ్ రిప్లేస్‌మెంట్ లెంగ్త్" అని వస్తది, అదీ వార్నింగే. విలువలు ఒక దాని జాగల ఒకటి పడిపోతయి. 0.7 కూడా నేను వేసుకున్నదే.

గీసినంక 551 కాడ చిన్న మెట్టు కనపడుతది. ఆడ వియర్ లెక్క సుమారు 47 వేల క్యూసెక్కులు, ఆరిఫిస్ లెక్క సుమారు 52 వేలు. రెండు సూత్రాలు ఒక్కకాడ కలవవు, దాంట్ల ఆర్ తప్పేం లేదు. 0.6 అడుగుల ఎడం ఉంటే ఆ మెట్టు వాలుగీత లెక్క పడతది. ఎన్ = 601 పెడితే ఎడం 0.1 అడుగు అయితది, మెట్టు మెట్టులెక్కనే కనపడుతది. 546 కాడి మూల కూడా 101తోటి సరిగ పడదు, ఎందుకంటే 545.6 తర్వాత బిందువు 546.2.

---

సాగర్_కట్ట (నల్లగొండ)

పీమ్యాక్స్‌తో వచ్చింది అన్నా. డిండి అన్న రాసింది కూడా నడిచింది, 590 కాడ 2.1 లక్షల పైన చూపిస్తుంది.

ఇంకో రెండు ఇరికినయి. ఒకటి: గేట్ల సంఖ్య కూడా మార్చుకుంట కాంటూర్ (ఒకే విడుదల ఉన్న చోట్లను కలిపే గీతలు) గీయాలని అవుటర్ వాడిన. మొదట్ల పీమ్యాక్స్ బదులు మ్యాక్స్ ఉన్న ఫైలే నడిపినట్టున్న. ఎర్రర్ రాలేదు, కానీ గీతలన్నీ అడ్డంగ, చాప పరిచినట్టు వచ్చినయి.

రెండు: గుణకం 3.6 కాకుండ, రీడింగులకు ఏది సరిపోతదో చూద్దామని తప్పుల వర్గాల మొత్తం గీస్తున్న. రీడింగులు 6 ఉన్నయి.

తప్పు <- ఫంక్షన్(గు, ఎత్తు, చూసినది) సమ్((చూసినది - గు * 1170 * ఎత్తు^1.5)^2)
కర్వ్(తప్పు(ఎక్స్, ఎత్తు, చూసినది), 3, 4)

ఇది మళ్ల 'ఎన్' ఎర్రర్ ఇచ్చింది, దాంతోపాటు "లాంగర్ ఆబ్జెక్ట్ లెంగ్త్ ఈజ్ నాట్ ఎ మల్టిపుల్" అని వార్నింగ్. వెక్టరైజ్(తప్పు) అని చుట్టి పెడితే ఎర్రర్ పోయింది. గీత మాత్రం రంపం పండ్ల లెక్క వచ్చింది. అది గిన్నె ఆకారంల రావాలె కదా?

---

మిర్యాలగూడ_వెక్టర్

గిన్నె ఆకారమే రావాలి. రంపం ఎందుకొచ్చిందో చూద్దాం, ఎర్రర్ కంటే ఇదే ప్రమాదం.

ముందు వెక్టరైజ్ లేని సంగతి. ఎక్స్‌లో 101 గుణకాలు ఉన్నాయి, ఎత్తులో 6. గుణించేటప్పుడు ఆర్ చిన్న వరుసను మళ్లీ మళ్లీ తిప్పి పొడుగు వరుసకు సరిపెడుతుంది. 101ని 6 భాగించదు కాబట్టి వార్నింగ్. తర్వాత సమ్ అంతా కూడి ఒక్క అంకె చేసింది కాబట్టి ఎర్రర్. ఎన్ = 102 పెట్టి చూడండి: వార్నింగ్ పోతుంది, ఎర్రర్ అట్లాగే ఉంటుంది. అంటే ఆ వార్నింగ్ లేనంత మాత్రాన లెక్క సరైనదని కాదు.

ఇక వెక్టరైజ్. అది లోపల ఎమ్‌యాప్లైను పిలుస్తుంది. ఏ ఆర్గ్యుమెంట్ అని చెప్పకపోతే మూడింటినీ జోడు కట్టి నడిపిస్తుంది: మొదటి గుణకానికి మొదటి రీడింగ్, రెండో గుణకానికి రెండో రీడింగ్, ఏడో గుణకానికి మళ్లీ మొదటి రీడింగ్. ప్రతి గుణకానికీ ఆరు రీడింగుల తప్పు కూడాలి, కానీ మీకు వచ్చింది ఒక్క రీడింగ్ తప్పు. అందుకే ప్రతి ఆరు బిందువులకూ ఒక పన్ను. 101 జవాబులు వచ్చాయి కాబట్టి కర్వ్‌కు అభ్యంతరం లేదు. దేన్ని విడదీయాలో పేరు పెట్టి చెప్పండి:

తప్పువె <- వెక్టరైజ్(తప్పు, వెక్టరైజ్.ఆర్గ్స్ = "గు")
కర్వ్(తప్పువె(ఎక్స్, ఎత్తు, చూసినది), 3, 4)

లేదా ఎస్‌యాప్లై. నాకు ఇదే ఇష్టం, ఏం జరుగుతున్నదో కంటికి కనబడుతుంది:

కర్వ్(ఎస్‌యాప్లై(ఎక్స్, ఫంక్షన్(గ) తప్పు(గ, ఎత్తు, చూసినది)), 3, 4)

పేరు చూసి వెక్టరైజ్ వేగం పెంచుతుందనుకుంటారు చాలామంది. పెంచదు. లోపల ఒక్కొక్కటిగా పిలవడమే. 101 బిందువులకు తేడా తెలియదు, అవుటర్‌లో లక్ష గడులు పెడితే తెలుస్తుంది.

మీకు కావలసింది సరిపోయే గుణకమే అయితే గీయాల్సిన పనే లేదు:

ఆప్టిమైజ్(తప్పు, సి(3, 4), ఎత్తు = ఎత్తు, చూసినది = చూసినది)

ఇది ఒక్కో విలువ ఇచ్చి పిలుస్తుంది కాబట్టి మొదటి ఫంక్షన్‌తోనే నడుస్తుంది, వెక్టరైజ్ అక్కర్లేదు. గుణకం సూత్రంలో సరళంగానే ఉంది గనుక, సరళరేఖ అమర్చే ఎల్ఎమ్(చూసినది ~ 0 + ఐ(1170 * ఎత్తు^1.5)) అన్నా అదే జవాబు రావాలి. రెండూ కలవకపోతే అసలు గుణకం 3కీ 4కీ మధ్య లేదన్నమాట. ఆప్టిమైజ్ ఇచ్చిన పరిధి దాటి పోదు, అంచు దగ్గరే ఆగిపోతుంది.

---

పాలమూరు_పట్టిక

అవుటర్ ముచ్చట నేను చెప్త. అవుటర్(530:590, 0:26, ఎఫ్) అంటే 61 మట్టాలు, 27 గేట్ల సంఖ్యలు. అవుటర్ వాటిని 1647 జోడీలుగ చేసి, రెండు పొడుగు వరుసలు ఒకేసారి ఎఫ్‌కు ఇస్తది. మ్యాక్స్(మట్టం - 546, 0) అంటే ఆ 1647లకెల్లి పెద్దది: 44. అన్ని జోడీలకూ మట్టం 590 అన్నట్టే లెక్క అయిపోయింది. దాన్ని గేట్ల వరుసతోటి గుణించినవు, అది 1647 పొడుగు ఉంది కాబట్టి జవాబులు కూడా 1647 వచ్చినయి. అవుటర్‌కు లెక్క సరిపోయింది, నోరు మెదపలేదు. విడుదల గేట్లతోటే మారుతుంది, మట్టంతోటి మారుతలేదు, అందుకే గీతలు అడ్డంగ పడ్డయి. గేట్లు లెక్కల లేకుంటే "డిమ్స్ [ప్రొడక్ట్ 1647] డు నాట్ మ్యాచ్ ది లెంగ్త్ ఆఫ్ ఆబ్జెక్ట్ [1]" అని వెంటనే దొరికేది.

డిండి అన్న విడుదల2లో కూడా గేట్లు వరుసగ ఇస్తే తేడా కొడతది. మట్టాన్ని [వి]తో కోస్తున్నం, గేట్లను కోస్తలేము. అవుటర్‌కు ఇచ్చే ముందు గేట్లు[వి], గేట్లు[ఆ] అని మార్చాలె. మార్చినంక ఉత్త 26 ఇస్తే ఎన్ఏలు (ఖాళీ విలువలు) వస్తయి. అందుకే పైన ఒక లైన్ పెట్టు: గేట్లు <- రెప్(గేట్లు, లెంగ్త్.అవుట్ = లెంగ్త్(మట్టం)).

---

దేవరకొండ_సున్నం

గ్రాఫ్‌లో నిండు మట్టానికి గీత కావాలని ఫంక్షన్(ఎక్స్) 590 అని కర్వ్‌కు ఇచ్చినా ఇదే 'ఎన్' ఎర్రర్. స్థిర విలువ ఎన్ని ఇచ్చినా ఒక్కటే తిరిగొస్తది. గీత కోసమైతే ఎబ్‌లైన్(వి = 590) చాలు. ఫంక్షన్‌గనే అడ్డగీత కావాలంటే రెప్(590, లెంగ్త్(ఎక్స్)).

ఇంటిగ్రేట్‌తో (సమాకలనం) టీఎంసీలు కట్టేటప్పుడు కూడా ఇదే పడతది, మాట వేరే: "ఎవాల్యుయేషన్ ఆఫ్ ఫంక్షన్ గివ్స్ ఎ రిజల్ట్ ఆఫ్ ఇన్‌కరెక్ట్ లెంగ్త్". అది 101 కాదు, 21 బిందువులు ఇచ్చి అడుగుతది.

---

సాగర్_కట్ట (నల్లగొండ)

రంపం పోయి గిన్నె వచ్చింది. ఆప్టిమైజ్, ఎల్ఎమ్ రెండూ ఒకటే చెప్తున్నయి. గేట్లకు రెప్ లైన్ పెట్టినంక కాంటూర్ కూడా వంపులు తిరిగింది. టీఎంసీల కాడ ఒక్కటి: విడుదల క్యూసెక్కుల్ల ఉంది, ఇంటిగ్రేట్‌కు రోజులు ఇస్తున్న. దేంతోటి భాగించాలె?

---

డిండి_వాగు

రోజుకు 86400 సెకన్లు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 86400తోటి గుణించి 10^9తోటి భాగించు. 11574 క్యూసెక్కులు రోజంతా పోతే ఒక టీఎంసీ, దాంతోటి సరిచూసుకో. సరిచూసేటప్పుడు మాత్రం ఫంక్షన్(రోజు) 11574 అని రాయకు, పైన దేవరకొండ చెప్పిన ఎర్రరే వస్తది. 11574 + 0 * రోజు అని రాయి.